గడువులో దృశ్యరచన

వాషింగ్టన్ నగరమున 2001లో ఆరంభమైన 48 గంటల చలనచిత్రపు పోటీలో శుక్రవారము సాయంత్రము ప్రతి జట్టునకు చీటీలో హాస్యము, భయానకము వంటి కథాజాతి వచ్చును. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక సంభాషణ అందరికిని సమానము. ఆదివారము సాయంత్రమునకు 4 నుండి 7 నిమిషముల చిత్రము చేతికీయవలెను. పుటకు నిమిషమని లెక్క. కావున రచన 7 పుటలు మించరాదు. చిత్రీకరణకు పగలు కావలెను గనుక అది తొలిరాత్రియే ముగియవలెను.

అవధానములోని సమస్యాపూరణము నెరిగినవారికి ఈ నిర్బంధము క్రొత్త గాదు. ఇచ్చిన వస్తువును ఒక మూల నుంచిన చాలదు. దానిని తీసివేసిన కథ కూలిపోవలెను. మనసులోని మాట తెరపై కానరాదు. 'రాముడు విచారించెను' అని గాక, 'రాముడు అన్నము ముట్టక లేచెను' అని వ్రాయవలెను.

మా పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని వ్రాయుటకు జంకుదురు. ఈ యేడు వారిచే గంట గడువులో ఒక పుట వ్రాయింప దలచితిమి. సంభాషణలలోని హోసూరు యాసను మేము దిద్దబోము.