బొమ్మ, బొరుసు, అంచు: బ్రిటిష్ నాణేల లేఖనపఠనం

శాసనాలన్నింటిలో అతి చిన్నది నాణెం. శిలాశాసనంలో పది పంక్తులలో చెప్పే రాజనామం, బిరుదావళి, కాలనిర్దేశం నాణెం మీద అంగుళం వ్యాసంలో ఇమడవలసి ఉంటుంది. అందువల్ల అక్కడ ప్రతి అక్షరానికీ బరువు ఎక్కువ. ఒక్క అక్షరాన్ని తప్పు చదివితే కలిగే నష్టం కూడా ఎక్కువే. బ్రిటిష్ నాణేలను సేకరించేవారిలో చాలమంది రాజు ముఖాన్నీ, సంవత్సరాన్నీ చూచి నిర్ణయానికి వస్తారు. ముఖం తరచు మోసగిస్తుంది. సంవత్సరం అన్ని నాణేల మీదా ఉండదు. ఉన్నచోట అది పరిచితమైన అంకెలలోనే ఉండాలన్న నియమమూ లేదు. కడపటి ప్రమాణం లేఖనమే. లిపులు, సంక్షిప్తాక్షరాలు, బిరుదావళులు పరిశీలించడం అలవడిన ప్రాచ్యవిద్యా పరిశోధకునికి ఈ విషయంలో మిగిలినవారికంటె సౌకర్యం ఎక్కువ.

మన దేశంలో తొలి చిక్కు బ్రిటిష్ నాణేలనూ, బ్రిటిష్ ఇండియా నాణేలనూ వేరుచేయడం. రెండింటిమీదా కనబడేది విక్టోరియాయే, జార్జియే. భేదం భాషలో ఉన్నది. ఇండియాకోసం వేసిన నాణేల మీద ‘విక్టోరియా క్వీన్’, 1877 నుండి ‘విక్టోరియా ఎంప్రెస్’, తరువాత ‘జార్జ్ కింగ్ ఎంపరర్’ అని రాజబిరుదం ఆంగ్లంలో ఉంటుంది. ఇంగ్లండులో చెలామణీకి వేసినవాటి మీద రాజబిరుదం లాటిన్‌లో ఉంటుంది. వెల మాత్రం చాలచోట్ల ఆంగ్లంలోనే ఉంటుంది. ‘రెజీనా’, ‘రెక్స్’ అన్న పదాలు కనబడితే అది ఇండియా నాణెం కాదని దాదాపుగా తేల్చవచ్చును.

ఆ నాణేల లెక్క కూడా లాటిన్ సంప్రదాయంలోనిదే. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. 1971 ఫిబ్రవరి 15న దశాంశపద్ధతి వచ్చేవరకు ఇదే లెక్క. పెన్నీకి సంకేతం ‘పి’ కాక ‘డి’ కావడం కొత్తవారికి వింతగా తోస్తుంది. అది ‘దెనారియుస్’ అనే రోమక నాణెపు పేరులోని తొలి అక్షరం. గుప్తుల కాలపు శాసనాలలో కనబడే ‘దీనార’ శబ్దానికి మూలం కూడా ఆ పదమే. లండన్ దుకాణదారుని చిట్టాలోని ‘డి’కీ, మన తామ్రశాసనంలోని దీనారానికీ ఉన్న ఈ చుట్టరికం సంస్కృత విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

నాణెం మీది పేరు దానిని వేయించిన రాజుదే కావాలన్న నియమం లేదు. ఇంగ్లండులో రెండవ హెన్రీ 1180లో ప్రవేశపెట్టిన వెండి పెన్నీ ‘పొట్టి శిలువ’ పెన్నీగా ప్రసిద్ధం. దాని బొమ్మవైపు ‘హెన్రికుస్ రెక్స్’ అని ఉంటుంది. 1189లో హెన్రీ మరణించాడు. రిచర్డు వచ్చాడు, జాన్ వచ్చాడు. నాణెం మీద హెన్రీ పేరు మాత్రం మారలేదు. జాన్ కుమారుడైన మూడవ హెన్రీ కాలంలో 1247 వరకు అదే లేఖనం సాగింది. తేదీ లేదు, ఎన్నవ హెన్రీయో చెప్పే సంఖ్యా లేదు. ఈ 67 ఏళ్ళ నాణేలను పండితులు ఎనిమిది తరగతులుగా విభజించారు. జుట్టు ఉంగరాల తీరు, అక్షరాల వంపులు, బొరుసువైపున ఉండే టంకకారుని పేరు, ఊరి పేరు ఆ విభజనకు ఆధారాలు. 1247లో వచ్చిన ‘పొడవు శిలువ’ పెన్నీ మీద ‘తృతీయుడు’ అనే అర్థంలో ‘తెర్కి’ అన్న సంక్షిప్తం చేరిన తరువాతనే కొంత స్పష్టత వచ్చింది. అదీ నిలవలేదు. మొదటి ముగ్గురు ఎడ్వర్డుల పెన్నీలను విడదీయడానికి మళ్ళీ అక్షరాల రూపమే శరణ్యం.

మనకు ఇది అపరిచితం కాదు. మొగలు పాదుషా రెండవ ఆలంగీర్ 1759లో హతుడైనాడు. ఆ తరువాత దశాబ్దాలపాటు మద్రాసు టంకశాలలో ఇంగ్లీషు కంపెనీవారు వేసిన ఆర్కాటు రూపాయల మీద ఆయన పేరు, ఆయన ఆరవ రాజ్యవర్షం, హిజరీ 1172 అలాగే నిలిచిపోయినవి. జనం నమ్మిన పేరును మార్చడానికి ఏ ప్రభుత్వమూ త్వరపడదు. అయితే పరిశోధకునికి దీనిలో పెద్ద ప్రమాదం ఉన్నది. భూమిలో దొరికిన నిక్షేపానికి కాలాన్ని నిర్ణయించేది అందులోని కడపటి నాణెం. ఆ నాణెం ఏడవ తరగతిది కాగా రెండవ హెన్రీదని నమోదు చేస్తే నిక్షేపం మొత్తం ఒక తరం, కొన్నిచోట్ల రెండు తరాలు వెనుకకు పోతుంది. ఆ నిక్షేపం ఆధారంగా వ్రాసిన చరిత్ర కూడా దానితోపాటే తప్పుతుంది.

సంక్షిప్తాల విషయంలో బ్రిటిష్ నాణేలు మన శాసనాలకంటె ఒక అడుగు ముందే ఉన్నవి. సంవత్సరానికి ‘సం’, దివసానికి ‘ది’, బహుళపక్ష దినానికి ‘బ ది’ అన్న సంక్షిప్తాలు శాసనపాఠకులకు కొత్త కావు. మూడవ జార్జి 1787 నుండి వేయించిన గినీ బంగారునాణెం బొరుసువైపు డాలు చుట్టూ ఉన్న లేఖనం ఇది: ‘ఎం. బి. ఎఫ్. ఎత్ హెచ్. రెక్స్ ఎఫ్. డి. బి. ఎత్ ఎల్. డి. ఎస్. ఆర్. ఐ. ఏ. టి. ఎత్ ఇ.’ రాజు, మరియు అన్న అర్థాలు గల రెండు చిన్న పదాలు తప్ప మిగిలినవన్నీ ఒంటి అక్షరాలు. విడదీస్తే ‘మహాబ్రిటన్, ఫ్రాన్సు, ఐర్లండులకు రాజు, ధర్మరక్షకుడు, బ్రున్స్‌విక్, లూనెబుర్గులకు ప్రభువు, పవిత్ర రోమక సామ్రాజ్యపు ప్రధాన కోశాధికారి, చక్రవర్తిని ఎన్నుకొనే అధికారం గలవాడు’ అని అర్థం. ఇది నాణెం మీది బిరుదగద్యం. ఇందులో ఫ్రాన్సు రాజ్యాధికారం ఉత్త మాట. 1340లో మూడవ ఎడ్వర్డు చెప్పుకొన్న హక్కును తరువాతివారు నాలుగున్నర శతాబ్దాలు వదలలేదు. 1801లో ఐర్లండుతో ఏకీకరణం జరిగినపుడు ఆ బిరుదు పోయింది. మన రాజుల ప్రశస్తులలో జయించని దేశాల పేర్లు చూచి నవ్వుకొనేవారు ఈ నాణేన్ని కూడా ఒకసారి చూడాలి.

ఈ గినీకి 19వ శతాబ్దంలో ఇత్తడి అనుకృతులు విరివిగా వచ్చినవి. జూదపుబల్లల మీద లెక్కకు వాడిన బిళ్ళలవి. డాలు ఉంటుంది, జార్జి ముఖం ఉంటుంది, 1790లలోని ఒక సంవత్సరం ఉంటుంది. చుట్టూ ఉన్న అక్షరాలు చదివితే మాత్రం పై బిరుదావళికి బదులు ‘ఆ మంచి పాతరోజుల స్మృతికి’ అన్న అర్థం గల ఆంగ్లవాక్యం బయటపడుతుంది. ముఖం చూచి కొన్నవాడు మోసపోతాడు. లేఖనం చదివినవాడు నవ్వి పక్కన పెడతాడు.

విక్టోరియా కాలపు లేఖనాలలో రెండు అంశాలు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. మొదటిది ‘బ్రిట్’ అన్న సంక్షిప్తంలో ‘టి’ రెండుసార్లు రావడం. ఇది చెక్కినవాని పొరపాటని భావించేవారున్నారు. కాదు. రోమక లేఖకులు బహువచనాన్ని సూచించడానికి సంక్షిప్తపు తుది అక్షరాన్ని రెట్టించేవారు. ఇక్కడ ‘బ్రిటన్‌ల’ అని బహువచన షష్ఠి ఉద్దిష్టం. వ్యాకరణ విద్యార్థికి ఆమ్రేడితం గుర్తుకు రావచ్చు గాని, ఇక్కడ రెట్టించినది పదం కాదు, అక్షరం. రెండవది 1849 నాటి ఫ్లోరిన్. రెండు షిల్లింగుల ఈ వెండినాణెం మీద ‘దేయి గ్రాతియా’, అంటే ‘దైవానుగ్రహంచేత’ అన్న పదాలు లేవు. ప్రజలు దానికి ‘దేవుడులేని ఫ్లోరిన్’ అని పేరు పెట్టారు. 1851 నుండి వచ్చిన మారురూపంలో ఆ పదాల సంక్షిప్తం తిరిగి చేరింది. పాదానుధ్యాత శబ్దం లోపించిన తామ్రశాసనాన్ని చూచి మన పరిశోధకుడు ఎంత సందేహిస్తాడో, ఆ నాటి ఆంగ్లేయుడు అంత కలవరపడ్డాడు. ఈ మారురూపం మీద సంవత్సరం గోథిక్ అక్షరాలలో రోమక సంఖ్యగా ఉంటుంది. అంకెలకోసం వెదికి తేదీ లేదని వ్రాసుకొనేవారికి ఇది హెచ్చరిక.

భారతదేశానికి నేరుగా సంబంధించిన సంక్షిప్తం ‘ఇండ్. ఇంప్.’ విక్టోరియా 1877 జనవరి 1న భారత చక్రవర్తినిగా ప్రకటితమైనా, ఇంగ్లండు నాణేల మీదికి ఆ బిరుదు 1893లో గాని రాలేదు. భారత స్వాతంత్ర్యానంతరం 1948 జూన్‌లో ఆరవ జార్జి ఆ బిరుదును వదలుకొన్నాడు. 1948 తేదీ గల పెన్నీ మీద అది ఉంటుంది, 1949 తేదీ గల పెన్నీ మీద ఉండదు. ఈ రెండు పెన్నీలను పక్కపక్కన ఉంచి చూపితే విద్యార్థికి ఒక సామ్రాజ్యపు ముగింపును వేరుగా వివరించనక్కరలేదు.

ఇక అంచు. దీనిని పట్టించుకొనేవారు అరుదు. సుత్తితో కొట్టిన పాత వెండినాణేల అంచులను కత్తిరించి వెండి దొంగిలించడం ఇంగ్లండులో పెద్ద బెడద. 1662 నుండి యంత్రంతో నాణేలు వేయడం స్థిరపడిన తరువాత అయిదు షిల్లింగుల క్రౌన్ అంచుమీద ‘దెకుస్ ఎత్ తుతామెన్’, అంటే ‘అలంకారమూ, రక్షణమూ’ అని చెక్కారు. దాని వెంట ‘అన్నో రెగ్ని’ అని రాజ్యవర్షం. మన శాసనాలలోని ‘ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సర’ నిర్దేశానికి ఇది సరిజోడు. దీని ప్రయోజనం 1893 నాటి క్రౌన్‌లో బాగా తెలుస్తుంది. విక్టోరియా 1837 జూన్ 20న సింహాసనమెక్కింది. కనుక 1893 సంవత్సరంలో సగం 56వ రాజ్యవర్షం, సగం 57వది. ఆ ఏటి క్రౌన్‌లలో కొన్నిటి అంచున 56, కొన్నిటి అంచున 57 రోమక సంఖ్యలలో ఉన్నవి. బొమ్మ, బొరుసు రెండింటా ఒకే విధంగా ఉన్న నాణేలు అంచువల్ల రెండు రకాలవుతున్నవి. అంచు చూడని సూచికలో ఈ భేదం మాసిపోతుంది.

టంకశాల గుర్తులు కూడా ఇటువంటివే. సవరను బంగారునాణెం మీద సెయింట్ జార్జి గుర్రం కింద, నేలగీత నడుమ ‘ఐ’ అన్న చిన్న అక్షరం ఉంటే అది 1918లో బొంబాయిలో వేసినది. దక్షిణదేశపు నగల అంగళ్ళలో ఎనిమిది గ్రాముల బంగారానికి సవరను అన్న పేరు నిలవడానికి ఈ నాణెపు తూకమే కారణం. అది 7.98 గ్రాములు. హారాలలో కూర్చిన సవరనుల అంచున కొక్కెం అతికిన మచ్చ మిగులుతుంది. దానిని అరగదీసి దాచినవి కూడా కనబడుతుంటవి. తూచిచూడడం ఇక్కడ అవసరం.

తెలుగుసీమకూ, ఇంగ్లండు టంకశాలకూ సూటి సంబంధం ఒకటి ఉన్నది. బర్మింగ్‌హాం దగ్గర సోహోలో మాథ్యూ బోల్టన్ ఆవిరియంత్రాలతో నడిపిన టంకశాల 1797లో ఇంగ్లండుకు తొలి రాగి పెన్నీలను వేసింది. అంతకు మూడేళ్ళ ముందే, 1794లో, ఉత్తర సర్కారులకోసం రూపాయలో 48వ వంతు రాగినాణేలు అక్కడ తయారైనవి. వాటిమీద ‘ఆంగ్లదేశపు రాజు, సభల ఛత్రచ్ఛాయలో’ అన్న అర్థం గల కంపెనీ లాటిన్ ధ్యేయవాక్యం ఉన్నది. మచిలీపట్నం బజారులో దానిని చదవగలిగినవారు ఎందరుండిరో! సోహోలోనే వేసిన 1808 నాటి పది కాసుల, ఇరవై కాసుల రాగినాణేలను మద్రాసుకు తెస్తున్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ 1809 జనవరిలో కెంట్ తీరం దగ్గర గుడ్విన్ ఇసుకమేటల మీద మునిగింది. 1980లలో వెలికితీసిన ఆ కాసులు నేడు ఇంగ్లండు సేకర్తల చేతుల్లో విరివిగా ఉన్నవి. మన అంగళ్ళలో అరిగిన కాసుకూ, అంగడిముఖం ఎరుగని ఆ కాసుకూ అచ్చు ఒకటే, చరిత్ర వేరు. నాణెం ఎక్కడ దొరికినదో వ్రాసి ఉంచకపోతే ఈ భేదం నిలవదు.

చదివినదానిని ఇతరులు సరిచూడడానికి ఛాయాచిత్రం కావాలి. శాసనపు అచ్చుప్రతి ఎటువంటిదో నాణెపు ఛాయాచిత్రం అటువంటిది. అందం కాదు, పాఠం ముఖ్యం. కెమెరా నాణేనికి సరిగ్గా పైన, సమాంతరంగా ఉండాలి. వెలుగు ఒకవైపునుండి ఏటవాలుగా పడాలి. సాయంకాలపు ఎండలో శిలాశాసనం తేటపడినట్లే అరిగిన అక్షరం ఈ వెలుగులో లేస్తుంది. వెలుగు ఎడమ పైభాగంనుండి రావడం మంచిది. కిందినుండి వస్తే కన్ను భ్రమించి ఉబ్బు గుంటగా కనబడుతుంది. మెరిసే వెండికి దీపం ముందు పలుచని తెల్లకాగితం అడ్డుపెట్టాలి. బాగా అరిగిన నాణేనికి ఒక చిత్రం చాలదు. నాణేన్ని కదపక దీపాన్ని చుట్టూ జరుపుతూ ఆరేడు చిత్రాలు తీస్తే ఒకదానిలో లేని అక్షరం మరొకదానిలో దొరుకుతుంది. కొలబద్ద చిత్రంలోనే ఉండాలి. డిజిటల్ కెమెరాలు వచ్చిన తరువాత ఖర్చు సమస్య కాదు గాని, చిత్రాన్ని మెరుగుపరచే నెపంతో నీడలను చెరిపివేసే అలవాటు ప్రబలింది. ఆ నీడలలోనే అక్షరాలున్నవి.

చిత్రం బాగా రావాలని నాణేన్ని తోమడం అన్నిటికంటె పెద్ద అపచారం. రాగిచెంబుకు చింతపండు, బూడిద ఎంత మేలో, రాగి పెన్నీకి అంత కీడు. శతాబ్దం పైబడి ఏర్పడిన ముదురురంగు పొర లోహానికి కవచం. పులుసు తగిలితే అది పోయి, దానితో సన్నని గీతలూ, అక్షరాల అంచులూ పోతవి. మట్టి అంటినదానిని స్వేదనజలంలో నానబెట్టి మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టడం వరకే సేకర్త పని. మెత్తని పి.వి.సి. సంచులలో ఉంచితే కొన్నేళ్ళకు ఆకుపచ్చని జిగురు పడుతుంది. ఆమ్లరహితమైన కాగితపు కవరు మేలు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువే కనుక దేశం దాటించే ఆలోచన పెట్టుకోరాదు.

అంచు చిత్రానికి నాణేన్ని మైనపు ముద్దలో నిలువుగా గుచ్చి, కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక చిత్రపు కడపటి అక్షరం తరువాతి చిత్రపు మొదటి అక్షరమయ్యేటట్లు తీయాలి. క్రౌన్ అంచుకు ఎనిమిది, పది చిత్రాలు పట్టవచ్చును. ఆ చిత్రాల కవరు మీద తూకం, వ్యాసం, దొరికిన చోటు, తేదీ, చదివిన పాఠం సిరాతో వ్రాయాలి. అక్షరం కనబడనిచోట ఊహించి పూరింపక చుక్కలు పెట్టాలి.