అసలు – నకలు : డిజిటల్ ఆటలను భద్రపరచుట ఎట్లు?

‘అసలు’, ‘నకలు’ అనే రెండు మాటలు ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి, నేడు ఏ భాష సొత్తో చెప్పలేనంతగా రెండింటిలోను కలిసిపోయినవి. పొలం దస్తావేజు అసలును పెట్టెలో దాచి, నకలు మాత్రమే చేతబట్టుకొని కచేరీకి వెళ్ళుట మన పెద్దల అలవాటు. పురుగు తొలిచిన తాటాకు గ్రంథాన్ని కొత్త ఆకులపైకి ఎక్కించిన లేఖకులు, శిథిలమైన ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులను ముత్యాలవంటి దస్తూరితో తిరిగి వ్రాసిన కాతిబులు చేసిన పని కూడ అదే. వస్తువు నశించక మానదు. నశించకముందే దాని ప్రతిని మరొకచోట నిలుపుట వివేకుల లక్షణం. ఈనాటి విద్యార్థి కంప్యూటరులోను, ఫోనులోను, కన్సోలులోను కూడబెట్టుకొన్న డిజిటల్ ఆటలకు ఈ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందో, వర్తించినచోట దానిని ఎట్లు పాటించవలెనో పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఆటలకు ఇంత చర్చ ఎందుకని పెద్దలు సందేహించవచ్చు. నేటి ఆటలో కథ ఉన్నది, చిత్రకళ ఉన్నది, సంగీతం ఉన్నది. విద్యార్థి కష్టపడి దాచుకొన్న డబ్బు, వెచ్చించిన కాలం కూడ అందులో ఉన్నవి. ఇంతటి శ్రమఫలం ఎంత త్వరగా కనుమరుగవుతుందో తెలుసుకొనుటకు ఒక్క లెక్క చాలును. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జూలైలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి పూర్వం ఆ దేశంలో విడుదలైన ఆటలలో నూటికి 87 ఆనాటికి అంగడిలో కొనుక్కొనే వీలు లేనివి. రెండు మూడు దశాబ్దాలకే ఒక కళ ఇట్లు మరుగున పడుట సామాన్య విషయం కాదు.

కొన్నది వస్తువా? అనుమతియా?

పుస్తకం కొన్నప్పుడు ఆ ప్రతి మనది. చదివిన పిదప మిత్రునికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల దుకాణంలో అమ్మవచ్చు. డిజిటల్ ఆట విషయం వేరు. వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించిన స్టీమ్ మొదలుకొని చాలా అంగళ్ళ ఒప్పంద పత్రాలలో, ఆటను అమ్ముట లేదనియు, వాడుకొనుటకు లైసెన్సు మాత్రమే ఇచ్చుచున్నామనియు స్పష్టంగా వ్రాసి ఉంటుంది. మనం చదవకుండ ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కుతాము గనుక ఆ సంగతి మన దృష్టికి రాదు. ఈ మర్మం కొనుగోలుదారునికి ముందుగానే తెలియవలెనని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక శాసనం చేసినది. అది 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

అన్ని అంగళ్ళూ ఒకటి కావు. 2008లో ప్రారంభమైన జి.ఓ.జి. వంటి అంగడి, తాళం లేని ఇన్‌స్టాలర్ ఫైలును మన చేతికే ఇస్తుంది. దానిని దించుకొని దాచుకొంటే, అంగడి మూతపడినా, ఇంటర్నెట్ లేకున్నా ఆట నడుస్తుంది. బాల్డర్స్ గేట్ 3 అనే ప్రసిద్ధమైన ఆటనే తీసుకొందాము. అది స్టీమ్‌లోను దొరుకుతుంది, జి.ఓ.జి.లోను దొరుకుతుంది. రెండుచోట్ల ఆట ఒక్కటే. కాని దాచుకొనే సౌకర్యం ఒక్కటి కాదు. కావున భద్రతను గూర్చిన ఆలోచన కొన్న తరువాత కాదు, కొనేటప్పుడే మొదలు కావలెను.

పోగొట్టుకొనే దారులు

ఆట మన చేయి జారుటకు ముఖ్యంగా నాలుగు దారులు ఉన్నవి.

మొదటిది యంత్రం చెడిపోవుట. హార్డ్ డిస్కు క్రింద పడవచ్చు, తిరుగుట మానవచ్చు. పెన్ డ్రైవ్, ఎస్.ఎస్.డి. వంటివి విద్యుత్తు లేకుండ ఏళ్ళ తరబడి పడి ఉంటే వాటిలోని సమాచారం చెరిగిపోయే ప్రమాదం ఉన్నది. పాత గేమ్‌బాయ్ క్యాసెట్లలో చాలావాటికి లోపల ఒక చిన్న బ్యాటరీ ఉండేది. అది ఆరిపోతే, ఆటగాడు సాధించిన ప్రగతి అంతయు దానితోపాటే పోయేది.

రెండవది అంగడి మూతపడుట. నింటెండో సంస్థ తన 3డి.ఎస్., వియ్ యు కన్సోళ్ళ అంగళ్ళను 2023 మార్చి 27న మూసివేసినది. మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ 360 అంగడిని 2024 జూలై 29న మూసినది. అంతకుముందు కొన్నవారు తిరిగి దించుకొనే వీలును ఆ సంస్థలు ఉంచినవి. అయితే అట్టి వీలు శాశ్వతమని ఎవరును హామీ ఇవ్వలేదు. కొనామీ సంస్థ 2014లో ఉచితంగా విడుదల చేసిన ‘పి.టి.’ అనే భయానక నమూనా ఆటను 2015 ఏప్రిల్‌లో అంగడి నుండి తొలగించగా, తరువాత దానిని తిరిగి దించుకొనే మార్గం లేకపోయినది. కన్సోలులో చెరపకుండ ఉంచుకొన్నవారికే అది మిగిలినది.

మూడవది సర్వర్ ఆగిపోవుట. యుబిసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ అనే కార్ల పందెపు ఆట, ఒంటరిగా ఆడినా సర్వర్‌తో సంబంధం లేక నడవదు. 2024 మార్చి 31న సర్వర్లు ఆగిపోగా, డిస్కు కొని బీరువాలో దాచుకొన్నవారికి కూడ ఆట లేకపోయినది. మన దేశంలోని ఉదాహరణ విద్యార్థులకు తెలిసినదే. పబ్‌జీ మొబైల్‌ను ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించినది. అదే సంవత్సరం అక్టోబరు 30న సర్వర్ సేవ ఆగినది. ఫోనులో ఆట ఫైలు ఉన్నను ఆడుట సాధ్యం కాలేదు. 2021లో మరొక పేరుతో ఆ ఆట తిరిగి వచ్చినప్పుడు పాత వివరాలను మార్చుకొనే అవకాశం సంస్థ ఇచ్చినది. అది సంస్థ చూపిన వెసులుబాటే గాని, ఆటగాడు దాచుకొన్న నకలు వలన కలిగిన ఫలం కాదు.

నాలుగవది ఖాతా చేజారుట. పాస్‌వర్డు ఇతరుల పాలైనా, ఖాతాకు ఇచ్చిన ఈ-మెయిల్ చిరునామా రద్దయినా, వందల ఆటలు ఒక్క క్షణంలో మనవి కాకుండ పోతాయి. విద్యాసంస్థలు ఇచ్చే ఈ-మెయిల్ చిరునామాలను చదువు ముగిసిన పిదప రద్దు చేయుట కద్దు. కావున అట్టి చిరునామాతో ఆటల ఖాతాను తెరవరాదు.

ఏది దాచవలెను?

పై దారులను గమనిస్తే ఒక విషయం తేటపడుతుంది. అన్నింటినీ దాచుట సాధ్యము కాదు, అవసరమూ కాదు. దాచదగిన వాటికి ఒక వరుస ఏర్పరచుకొనవలెను.

అన్నిటికంటె ముందు దాచవలసినది సేవ్ ఫైలు. ఆట పోతే మరల కొనవచ్చు, మరల దించుకొనవచ్చు. మనం నూరు గంటలు శ్రమించి చేరుకొన్న ఘట్టం, కట్టుకొన్న కోట, పెంచుకొన్న పాత్ర ఏ అంగడిలోను దొరకవు. పైగా ఈ ఫైళ్ళు చాలావరకు చిన్నవి. ఒక పెన్ డ్రైవులో వందల ఆటలవి ఇముడుతాయి. విండోస్ కంప్యూటరులో ఇవి సాధారణంగా డాక్యుమెంట్స్, సేవ్‌డ్ గేమ్స్, యాప్‌డేటా అనే ఫోల్డర్లలో ఉంటాయి. ప్లేస్టేషన్ 4లో వీటిని పెన్ డ్రైవులోనికి తీసుకొనవచ్చు. ప్లేస్టేషన్ 5 ఆటలకు, నింటెండో స్విచ్ ఆటలకు ఆ వీలు లేదు. వాటికి చందా కట్టి పొందే క్లౌడ్ సౌకర్యమే దిక్కు.

రెండవది తాళం లేని ఇన్‌స్టాలర్లు. ఇవి నిజమైన నకళ్ళు. వీటితోపాటు తరువాత వచ్చిన సవరణ ఫైళ్ళను, ఆటగాళ్ళు స్వయంగా తయారుచేసిన మార్పులను కూడ దాచవలెను.

మూడవది తాళం ఉన్న ఆటల ఫైళ్ళు. స్టీమ్‌లో ఆట ఫైళ్ళ ప్రతి తీసుకొనే సౌకర్యం ఉన్నది. కాని దానిని తిరిగి నెలకొల్పుటకు మన ఖాతాలోనికి ప్రవేశించక తప్పదు. కావున ఇది ఆటకు రక్ష కాదు, డౌన్‌లోడ్ భారం తగ్గించే ఉపాయం మాత్రమే. ఆ ఉపాయం విలువ మన ఇంటర్నెట్‌ను బట్టి ఉంటుంది. బాల్డర్స్ గేట్ 3కు 150 జీబీ స్థలం కావలెను. అంత సమాచారం సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో దిగుటకు 3 గంటల 20 నిమిషాలు చాలును. 10 మెగాబిట్ల వేగమైతే 33 గంటలు దాటుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను పథకం మీద ఆధారపడిన విద్యార్థికి 75 రోజులు పడుతుంది. వేగమైన ఇంటర్నెట్ గలవారు ఇట్టి ఫైళ్ళకై డిస్కు కొనుట వృథా వ్యయం. హాస్టలు విద్యార్థికి అదే డిస్కు వరప్రసాదం.

నాలుగవది సర్వర్ లేక నడవని ఆటలు. వీటికి నకలు తీసి ప్రయోజనం లేదు. జ్ఞాపకార్థం కొన్ని తెరచిత్రాలను దాచుకొనవచ్చు. అట్టి ఆటలపై ధనం వెచ్చించేటప్పుడు అది సినిమా టికెట్టు వంటిదని, పుస్తకం వంటిది కాదని గుర్తించుట మేలు.

ఎట్లు దాచవలెను?

మూడు–రెండు–ఒకటి అనే సూత్రం సమాచారాన్ని భద్రపరచేవారి లోకంలో ప్రసిద్ధం. అసలుతో కలిపి మూడు ప్రతులు. రెండు భిన్నమైన సాధనాలపై. అందులో ఒకటి వేరొక ఊరిలోనో, వేరొక ఇంటిలోనో ఉండవలెను. కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లోనో ఇంటివద్ద పెట్టెలోనో మరొకటి అన్నమాట. హాస్టలులో దొంగతనం జరిగినా, ఇంట వాన నీరు చేరినా, అన్నియు ఒక్కమారే పోవు. ఇంత వ్యయం చేయలేనివారు కనీసం సేవ్ ఫైళ్ళకైనా ఈ నియమం పాటించవచ్చు.

ఇచట ఒక భ్రమను తొలగించవలసి ఉన్నది. క్లౌడ్‌తో జతపడుట వేరు, నకలు తీయుట వేరు. జతపడిన ఫైలును మనం పొరపాటున చెరిపితే క్లౌడ్‌లోనిది కూడ చెరుగుతుంది. చెడిపోయిన ఫైలు మంచిదాని స్థానంలో చేరుతుంది. అది అద్దంలోని ప్రతిబింబం వంటిది. అసలు కదిలితే తానును కదులుతుంది. నకలు అసలు నుండి విడివడి, దానిపై తేదీ వ్రాసి ఉండవలెను. అందువలన కొత్త నకలు తీసినప్పుడు వెనుకటిదానిని వెంటనే చెరపరాదు.

మరికొన్ని మెలకువలు. ఫ్యాట్32 పద్ధతిలో అమర్చిన పెన్ డ్రైవులలో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో అమర్చుకొనవలెను. డిస్కును తేమకు, వేడికి దూరంగా ఉంచి, కొన్ని నెలలకొకమారు కంప్యూటరుకు తగిలించి చూడవలెను. ఫైలు చెక్కుచెదరలేదని తెలుసుకొనుటకు ఎస్.హెచ్.ఎ.-256 అనే లెక్క ఉన్నది. దస్తావేజుపై వేలిముద్ర ఎట్టిదో, ఫైలుకు ఇది అట్టిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుంది. నకలు తీసిననాడు ఆ ముద్రను వ్రాసి ఉంచుకొంటే, ఎప్పుడైనను సరిపోల్చవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది పరీక్ష. ఏడాదికొక్కసారి, ఇంటర్నెట్‌ను తొలగించి, మరొక కంప్యూటరులో ఆ నకలు నుండి ఆటను నెలకొల్పి చూడవలెను. నడిచినదే నకలు; నడవనిది డిస్కులో స్థలం ఆక్రమించిన బరువు.

చట్టం మాట

మన దేశపు కాపీరైటు చట్టం 1957లోని 52వ సెక్షను, న్యాయంగా పొందిన కంప్యూటరు ప్రోగ్రాము నుండి, నష్టము, నాశనము, చెరుపుల నుండి తాత్కాలిక రక్షణ కొరకు మాత్రమే నకలు తీసుకొనుటను అనుమతిస్తున్నది. ఆ నకలు మన వాడుకకే. మిత్రులకు పంచుటకు, అమ్ముటకు కాదు. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలను ఛేదించుట రెండేండ్ల వరకు ఖైదు విధింపదగిన నేరం. నకలుకు, దొంగప్రతికి మధ్య గల ఈ గీతను విద్యార్థులు మరువరాదు.

కళాశాల కర్తవ్యం

కళాశాల కార్యవర్గానికి ఒక విన్నపం చేయదలచినాము. ప్రపంచ ప్రసిద్ధమైన ఆటలను కాపాడుటకు అభిమానులు, సంస్థలు, గ్రంథాలయాలు ఎక్కడో ఒకచోట పూనుకొంటారు. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులు ప్రాజెక్టు పనిగా తయారుచేసే చిన్న ఆటలను, అందులోను తెలుగు పదాలతోను, ఉర్దూ అక్షరాలతోను అల్లిన ఆటలను కాపాడుటకు ఎవరు వస్తారు? మార్కులు పడిన మరునాడు ఆ ఫైళ్ళు ప్రయోగశాల కంప్యూటరు నుండి చెరిగిపోతే, వాటికి లోకంలో మరొక ప్రతి ఉండదు. విద్యార్థి అనుమతి పొంది, ఆట ప్రోగ్రామును, బొమ్మలను, ధ్వనులను, నడిపే విధానం తెలిపే ఒక కాగితాన్ని, సంవత్సరంతో సహా గ్రంథాలయంలో ఒక ప్రతి, ప్రయోగశాలలో ఒక ప్రతి ఉంచుట పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. రెండు డిస్కులు, ఒక రిజిస్టరు, ఏడాదికొక పరీక్ష చాలును.

విద్యార్థి మిత్రులారా! కొన్న ఆటలన్నింటినీ చిరకాలం నిలుపుట ఎవరి తరమూ కాదు. ఏది మన శ్రమయో, ఏది మరల దొరకదో దానిని ముందుగా ఎన్నుకొని, దాని నకలును ఈ వారమే తీసి, నడిపి చూడండి. అసలు పోయిన తరువాత నకలు కొరకు వెదకుట ఎవరికీ ఫలించదు.