నాన్నగారికి ఆయాసమా? ఇంటి డాక్టరు ఏం చేయగలరు?

మీ ఇంట్లో ఓ పెద్దాయన ఉన్నారనుకోండి. పోర్టులో పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యారు. కుర్రతనం నుంచీ చుట్ట అలవాటు. నాలుగేళ్ల క్రితం వరకూ సింహాచలం మెట్లు ఎక్కిన మనిషి, ఇప్పుడు స్నానాల గది దాకా వెళ్లొచ్చి మంచం మీద కూలబడుతున్నారు. తెల్లవారుజామున దగ్గు, కఫం. అడిగితే "వయసు మీద పడిందిరా" అంటారు. మీరూ నమ్మేస్తారు.

నమ్మకండి. వయసు వల్ల నడక నెమ్మదిస్తుందేమోగాని నాలుగడుగులకే రొప్పు రాదు. చాలామంది విషయంలో అది సి.ఓ.పి.డి. అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు. ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చడం వల్ల గాలిగొట్టాలు వాచి ఇరుకవుతాయి, గాలితిత్తుల గోడలు చితికిపోతాయి. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటకు రాదు. పాతగాలితో నిండిన రొమ్ములో కొత్త గాలికి చోటెక్కడిది? పీల్చలేకపోవడం కంటే వదలలేకపోవడమే అసలు చిక్కు.

విశాఖపట్నం వాళ్లకు దుమ్ము గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1933లో మొదలైన ఈ పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుతూ, ఎక్కుతూనే ఉన్నాయి. కిటికీ గట్టు మీద పేరుకునే నల్లదుమ్ము గురించి వన్‌టౌన్ వాళ్ల ఫిర్యాదు ఈనాటిది కాదు. అయినా దుమ్ము మీద నెపం వేసి చుట్టను వదిలిపెట్టకూడదు. మన తీరప్రాంతపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు కూడా ఉంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమన్నమాట. దీనివల్ల అంగిలికి కాన్సర్ వస్తుందని ఇక్కడి ఆంధ్ర వైద్య కళాశాల డాక్టర్లు 1970లలోనే రాశారు. ఇక చుట్ట ముట్టకపోయినా, కట్టెల పొయ్యి ముందు జీవితమంతా గడిపిన అమ్మకూ ఈ ఆయాసం రావచ్చు.

ముందు మీ ఇంటి డాక్టరు దగ్గరకే వెళ్లండి. రెండు వారాలు దాటిన దగ్గయితే ఆయన మొదట క్షయ కాదని కఫం పరీక్షతో తేల్చుకుంటారు. తరువాత స్పైరోమీటరులోకి గట్టిగా ఊదిస్తారు. ఈ జబ్బును నిర్ధారించేది ఆ ఊదుడే. ఎక్స్‌రే ఒక్కటే చాలదు. ఆ యంత్రం ఆయన దగ్గర లేకపోతే ఛాతీ ఆసుపత్రికి చీటీ రాసిస్తారు.

ఇన్‌హేలర్ అనగానే మనవాళ్లు హడలిపోతారు. "ఒకసారి మొదలెడితే అలవాటైపోతుందట, చివరి మందట!" అని పక్కింటావిడ చెబుతుంది. అలవాటైపోయింది చుట్ట, ఇన్‌హేలర్ కాదు. మందు నేరుగా గాలిగొట్టాలకే చేరుతుంది గనుక మాత్ర కంటే తక్కువ మోతాదు చాలు. అయితే చాలామంది దాన్ని సరిగా పీల్చరు, మందంతా నోట్లోనే ఉండిపోతుంది. వెళ్లిన ప్రతిసారీ డాక్టరు ముందు పీల్చి చూపించమనండి. స్టెరాయిడ్ ఉన్న రకమైతే పీల్చాక నోరు పుక్కిలించాలి.

పోయిన ఊపిరితిత్తి తిరిగిరాదు. ఇది దాచకుండా చెప్పాలి. కాని చుట్ట మానితే మిగిలినది నిలుస్తుంది. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినప్పుడు న్యుమోనియా టీకా, రోజూ కొద్దిపాటి నడక, ఈలవేసినట్లు పెదవులు ముడిచి మెల్లగా గాలి వదలడం, ఇవన్నీ పనిచేస్తాయి. కఫం చిక్కబడి రంగు మారినా, ఆయాసం హెచ్చినా ఆ రోజే కబురు చేయండి. ఆదివారం పోనీ అనుకుంటే సోమవారానికి ఆసుపత్రి పాలవుతారు.

ఆక్సిజన్ అందరికీ అక్కర్లేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రక్తంలో దాని పాలు 88 శాతానికి పడిపోయినవారికి, రోజుకు 15 గంటలకు తక్కువ కాకుండా పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 81లలో వెలువడిన పరీక్షల్లో తేలింది. మంచిదే కదా అని మీట ఎక్కువ తిప్పకండి. ఈ రోగుల్లో కొందరికి అతి ఆక్సిజన్ మత్తు తెస్తుంది. ఆ గదిలో అగ్గిపుల్ల గీయకూడదు, దేవుడి దీపం కూడా వేరే గదిలోనే.

మరి ఇవన్నీ చేసినా ఆయాసం తగ్గకపోతే? ఉపశమన వైద్యం అనే మాట వినగానే "డాక్టరు చేతులెత్తేశాడు" అనుకుంటారు. కాదు. మందులు ఆపకుండా దానితోపాటే ఇదీ నడుస్తుంది, నడకకు కష్టమైన రోజునుంచే మొదలెట్టవచ్చు. ముందుకు వంగి బల్లమీద మోచేతులు ఆనించి కూర్చోబెట్టడం, ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగలనివ్వడం. వినడానికి తేలికగా ఉంటాయి, కాని ఊపిరాడక భయపడ్డ మనిషికి ఎంత ఊరటో! కొందరికి డాక్టర్లు అతి తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. అందరికీ గుణమివ్వదు, మలబద్ధకం తెస్తుంది, సొంతంగా వాడరాదు. మత్తుపదార్థాల చట్టాన్ని 2014లో సడలించాక గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో దొరకడం కొంత సులువైంది. కేరళలో కోజికోడ్‌లో 1993లో మొదలైన ఉద్యమం ఈ వైద్యాన్ని రోగి ఇంటి గుమ్మానికే తెచ్చింది. అటువంటి బృందం లేనిచోట ఆ బరువు ఇంటి డాక్టరే మోయాలి, రాత్రిళ్లు నిద్రలేని అమ్మగారి సంగతీ ఆయనే అడగాలి.

ఒక మాట మాత్రం మీరే కదపాలి. "నాన్నా, మళ్లీ ఎక్కువైతే మిషను మీద పెట్టమంటారా?" కొందరికి గొంతులో గొట్టం లేకుండా, ముఖానికి మాస్కు పెట్టే యంత్రమే గండం గట్టెక్కిస్తుంది. ఏది వద్దో, ఎంతవరకు కావాలో ఆయన నోటితో ఆయనే చెప్పాలి. లేకపోతే అర్ధరాత్రి ఆసుపత్రి గుమ్మం దగ్గర హైదరాబాదు కొడుకు ఒకటి, అమెరికా కూతురు ఫోనులో ఇంకొకటి చెబుతూ ఉంటారు. ఇలా ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2023లో పద్ధతిని తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు.

అడిగితే ఏడుస్తారేమో అని వెనక్కి తగ్గకండి. చాలామంది పెద్దలు ఆ ప్రశ్నకోసమే ఎదురుచూస్తుంటారు. డాక్టరుగారిని కూడా ఒక సాయంత్రం ఇంటికి పిలిచి, ముగ్గురూ కలిసి మాట్లాడుకోండి. ఆయన చెప్పినది ఓ కాగితంమీద రాసి, వాడుతున్న మందుల పేర్లు, డాక్టరు ఫోను నంబరు దాని కింద వేసి, మంచం పక్క గోడకు అంటించండి.