రీలు కడిగేద్దాం... మచ్చ పడకుండా!

డిజిటల్‌ ఫొటో నచ్చకపోతే చెరిపేసి ఇంకోటి తీసుకుంటాం. రీలు అలా కాదు. 36 ఫొటోలూ ఒకే డబ్బాలో, ఒకేసారి కడగాలి. అక్కడ తేడా వస్తే పాప అన్నప్రాశనా, తాతయ్య నవ్వూ మళ్లీ రావు!

అదే జాగ్రత్తగా కడిగి దాచుకుంటే..? ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్‌ (1844-1905) గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

సంగారెడ్డి దగ్గరి పోతిరెడ్డిపల్లి లాంటిచోట ఇంట్లో బ్లాక్‌ అండ్‌ వైట్‌ రీలు కడగాలంటే మూడింటిని కాచుకోవాలి. ఎండ, బోరు నీళ్లు, దుమ్ము.

ఎండతో పేచీ

డెవలపర్‌కు 20 డిగ్రీల వేడి సరైనది. వేసవిలో మన ట్యాంకు నీళ్లే 30 దాటతాయి. 20 దగ్గర పది నిమిషాలు పట్టే పని 24 దగ్గర ఏడు నిమిషాల్లోనే అయిపోతుంది. అందుకే ఐసు ముక్కలు వేసిన టబ్బులో సీసాలు నిలబెట్టండి. డెవలపర్‌, హైపో, కడిగే నీళ్లు... అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి. వేడి నుంచి చల్లకీ, చల్ల నుంచి వేడికీ ఒక్కసారిగా మారిస్తే ఫిల్మ్‌ మీది పూత ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది.

గుండ్రటి మచ్చలెందుకు?

డెవలపర్‌ పోయగానే గాలి బుడగలు ఫిల్మ్‌కు అంటుకుంటాయి. అక్కడ మందు తగలదు. డబ్బాను బల్ల మీద రెండుమూడుసార్లు తట్టండి, వదిలిపోతాయి. తర్వాత నిమిషానికోసారి పది సెకన్లు నెమ్మదిగా తిప్పితే చాలు. చుట్టే చక్రం తడిగా ఉన్నా, చేతికి చెమట పట్టినా ఫిల్మ్‌ ఇరుక్కుంటుంది. మడత పడినచోట నెలవంకలాంటి గుర్తు మిగులుతుంది.

నెగెటివ్‌ పాలలా తెల్లగా కనిపిస్తే కంగారొద్దు. హైపో చాల్లేదన్నమాట. మళ్లీ హైపోలో ఉంచి, బాగా కడగండి.

ఆరబెట్టడమే అసలు పని

బోరు నీటిలోని లవణాలు ఆరాక తెల్లటి చుక్కలుగా మిగిలిపోతాయి. చివరిసారి డిస్టిల్డ్‌ వాటర్లో ముంచి తీయండి. బట్టతో తుడవొద్దు, గీతలు పడతాయి. బాత్రూంలో నేల తడిపి, ఫ్యాను ఆపి, కింద క్లిప్పు బరువు పెట్టి వేలాడదీయండి. దుమ్ము అంటదు.

మందుల సీసాలకు పేర్లు రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. వంటింటి గిన్నెలు వాడొద్దు. మొదటి ప్రయత్నం పెళ్లి రీలుతో కాదు, పెరట్లో తీసిన రీలుతో చేయండి!