పడుకుని చూసే ఫొటోలు

ఆసుపత్రిలో చేరినవాళ్లు రోజంతా చూసేది గది కప్పునే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ఆసుపత్రి కట్టినవాడు ఫిన్లండ్ వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో. 1933లో పూర్తయిన పైమియో క్షయ ఆసుపత్రిలో రోగుల గదుల కప్పుకు ఆకుపచ్చ రంగు వేయించాడు. దీపాల వెలుగు పడుకున్నవాళ్ల కళ్లలో నేరుగా పడకుండా అమర్చాడు. మామూలు గది నిలబడి తిరిగే మనిషి కోసమని, రోగి గది పడుకున్న మనిషి కోసమని ఆయన లెక్క. ఆసుపత్రికి ఫొటో తీసేవాళ్లంతా ముందు నేర్చుకోవలసిన పాఠం ఇదే.

మా మూకండపల్లి హోసూరు నగరంలోనే, సిప్‌కాట్ కర్మాగారాల పక్కనే ఉంది. ఇక్కడివాళ్లు పెద్ద జబ్బు చేస్తే బెంగళూరు దారి పడతారు. ఆ దారిలోనే బొమ్మసంద్రలో నారాయణ హృదయాలయ వస్తుంది. ఇంకా ముందుకు పోతే సెయింట్ జాన్స్, నిమ్హాన్స్, కిద్వాయి ఆసుపత్రులు వస్తాయి. ఒక్క రోడ్డు పట్టుకుని పోతే గుండెకూ మెదడుకూ క్యాన్సర్‌కూ వైద్యం దొరికే చోటు ఇది. అందుకే ఆసుపత్రి గోడల సంగతి మన పక్కవాళ్లకు దూరపు ముచ్చటేమీ కాదు.

కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నదానికీ కోలుకోవడానికీ సంబంధం ఉందా అని లెక్కగట్టి చూపినవాడు పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు తీశాడు. వయసు, ఆరోగ్యం వంటివి సరిపోలేలా 46 మందిని జతలు చేశాడు. ప్రతి జతలో ఒకరి కిటికీకి ఎదురుగా చెట్లు, ఇంకొకరికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులు, గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. చెట్లవైపువాళ్లకు ఘాటైన నొప్పి మందులు తక్కువ పట్టాయి. 'ఏడుస్తోంది', 'ధైర్యం చెప్పాల్సి వస్తోంది' వంటి మాటలు నర్సుల పుస్తకాల్లో గోడవైపువాళ్ల గురించే ఎక్కువగా ఉన్నాయి. 1984లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఈ చిన్న వ్యాసం ఆసుపత్రులు కట్టే తీరునే కదిపింది.

మరి కిటికీ లేనిచోట ఫొటో పెడితే? అదీ చూశారు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ అయిన 160 మందికి ఐసీయూలో మంచం కాళ్లవైపు బొమ్మలు పెట్టారు. కొందరికి నీళ్లూ చెట్లూ ఉన్న ఫొటో, కొందరికి నీడలు కమ్ముకున్న అడవి, కొందరికి అర్థంకాని గీతల నైరూప్య చిత్రం, మరికొందరికి ఏమీ లేదు. నీళ్ల ఫొటో చూసినవాళ్లలో ఆందోళన తగ్గింది. నేరు గీతల నైరూప్య చిత్రం చూసినవాళ్లు మాత్రం ఏ బొమ్మా లేనివాళ్ల కంటే ఎక్కువ కలతపడ్డారు. నైరూప్య కళంటే నాకు చాలా ఇష్టం. అయినా, మత్తుమందు దిగుతున్న మనిషి కళ్లముందు దాన్ని పెట్టకూడదనే నమ్ముతాను. ఒంట్లో భయం ఉన్నప్పుడు తెలియని ఆకారం ప్రతిదీ ఆ భయానికే దారి తీస్తుంది.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి చూసే బ్రాంకోస్కొపీ జరిగేటప్పుడు 80 మంది మీద ఇంకో పరీక్ష చేశారు. కొందరి మంచం పక్కన ప్రకృతి దృశ్యం పెట్టి, వాగు శబ్దాలు, పక్షుల కూతలు వినిపించారు. నొప్పిని ఓర్చుకోవడం వాళ్లకు తేలికైంది. ఆందోళనలో మాత్రం తేడా రాలేదు. 2003లో ఈ రెండు ఫలితాలనూ దాచకుండా అచ్చువేశారు. ఫొటో మందు కాదు. కానీ మందుకు తోడు నిలబడగలదు.

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే గదికి మందమైన కాంక్రీటు గోడలుంటాయి, కిటికీ ఉండదు. రోగి ఒక్కడే కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. అందుకే చాలా దేశాల్లో ఆ గది కప్పులో పలకలు తీసేసి, వెనక ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, ఆకాశం ఫొటోలు బిగిస్తున్నారు. ఎంఆర్‌ఐ గదిలో అయితే ఇనుము పనికిరాదు. బయటి రేడియో తరంగాలు చొరబడకుండా గది చుట్టూ రాగి రేకు తొడుగు ఉంటుంది కాబట్టి దీపాలకిచ్చే కరెంటు కూడా ఫిల్టరు గుండానే లోపలికి పోవాలి.

ఆ ఆకాశం ఫొటో ఎలా తీయాలో చూద్దాం. కృష్ణగిరి పక్క మామిడితోటలో చెట్టు కింద నేలమీద వెల్లకిలా పడుకోవాలి. కెమెరాను గుండెమీద పెట్టుకుని నేరుగా పైకి గురిపెట్టాలి. కొమ్మలు చట్రానికి అంచుల్లో ఉండి, నడుమ నీలం ఖాళీగా ఉండాలి. నిలబడి తీసిన ఆకాశాన్ని కప్పుకు బిగిస్తే మేఘాలు పక్కకు వాలినట్టుంటాయి, తలగడ మీది తల దాన్ని ఒప్పుకోదు. కప్పు పలక మామూలుగా రెండడుగుల చదరం. ఒక బొమ్మను ఆరు పలకలకు పంచితే, పండో పిట్టో సరిగ్గా అతుకు మీద పడి రెండు ముక్కలు కాకుండా ముందే గీతలు గీసి చూసుకోవాలి.

గోడమీది ఫొటోకు ఇంకో లెక్క. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చేది 6000 × 4000 చుక్కలు. ఆరడుగుల దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 100 చుక్కలు చాలు. అంటే 60 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు బొమ్మ నిక్షేపంగా వస్తుంది. 20 అడుగుల వరండా గోడ నిండాలంటే మాత్రం పక్కపక్కన చాలా ఫొటోలు తీసి కుట్టాల్సిందే. అచ్చువేసేది గుడ్డమీద కాకుండా రోజూ మందునీళ్లతో తుడవగలిగే నున్నని పైపొర ఉన్నదానిమీదే. మానసిక వైద్యశాలలో గాజు అసలు వాడరాదు.

ఏ నీళ్లు తీయాలి? మన దగ్గర కెలవరపల్లి జలాశయం ఉంది. దానికి నీళ్లు తెచ్చే దక్షిణ పెన్నేరులో మురుగు కలిసి నురగ తేలే రోజులున్నాయి, మనసు కలుక్కుమంటుంది. నురగ లేని తెల్లవారుజాము చూసుకుని తీస్తే, ఆ గట్టుమీద నడిచిన రోగికి ఏ స్విట్జర్లండ్ సరస్సూ దానికి సాటిరాదు. మన ఆసుపత్రుల్లో మంచుకొండల ఫొటోలే ఎందుకు పెట్టాలి? రాగిచేలూ గులాబీతోటలూ చింతచెట్లూ ఇంత దగ్గరగా ఉన్నాయి కదా!

పిల్లల కోసం లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి ఇంకో అడుగు ముందుకేసింది. 2012లో కళాకారుడు జేసన్ బ్రూజెస్ బృందం ఆపరేషన్ గదికి పోయే వరండా గోడకు అడవి బొమ్మల కాగితం అంటించి, వెనక 70 ఎల్‌ఈడీ పలకలు దాచింది. మొత్తం 72,000 దీపాలు. బిడ్డ దగ్గరికొస్తే చెట్లనడుమ లేడి, గుర్రం, కప్ప వెలుగై కదులుతాయి. ట్రాలీమీద పడుకున్న బిడ్డకూ నడిచే బిడ్డకూ అందేలా వేర్వేరు ఎత్తుల్లో పలకలు పెట్టారు.

మన తెలుగుగడ్డ మీదా ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. ఖమ్మం జిల్లా మధిరలో 1940లో పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆస్థాన కళాకారుడిగా పనిచేశాడు. తొలిరోజుల్లో తుప్పుపట్టిన మోటారు ఇనుప సామాను గీసినవాడు, తర్వాత నీళ్లలో నీడలుగా తేలే ఆకుల దగ్గరికి చేరాడు. 2019లో కన్నుమూశాడు. ఆయనది కుంచెపని, ఫొటో కాదు. కానీ నీళ్లూ చెట్లూ అన్న ఆ ఎంపిక ఉప్సాలా ఫలితానికి దగ్గరగా ఉండటం నాకు సంతోషం కలిగిస్తుంది.

ఈ పనికి దూరం నుంచి ఎవరినో పిలవనక్కరలేదు. హోసూరులో పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల దగ్గర మంచి కెమెరాలున్నాయి, పెద్ద సైజు ప్రింటింగ్ యంత్రాలూ ఊళ్లోనే ఉన్నాయి. ఆషాఢం, తమిళుల లెక్కన ఆడి నెల వస్తే పెళ్లిళ్లు ఉండవు, కెమెరాలు ఖాళీగా ఉంటాయి. వానలు పడి డెంకణికోట, తళి దారిలో పచ్చదనం కమ్ముకునేదీ ఆ కాలంలోనే. ఆసుపత్రివాళ్లు డబ్బిచ్చి పని అప్పజెప్పడానికి అదే సరైన అదను.