నాలుగో నంబరు బెలూను

తొమ్మిదో తరగతిలో రక్తప్రసరణ పాఠం జరుగుతోంది. రేపల్లె రైల్లో తెనాలి వచ్చి చదువుకునే ఒక అమ్మాయి లేచింది. "సార్, మా తాతయ్యకి మోకాలి కింద రక్తం గడ్డ అడ్డం పడింది. గజ్జల్లో చిన్న కోత పెట్టి తీశారంట. అంత దూరం ఎట్టా అందుద్ది సార్?"

గుండె లయ తప్పినవాళ్లలో, చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరంతో గుండె కవాటం ఇరుకైనవాళ్లలో లోపల రక్తం నిలిచి గడ్డకడుతుంది. అది ప్రవాహంలో కొట్టుకొచ్చి, దుగ్గిరాల లాకుల దగ్గర కాలువ చీలేచోట గుర్రపు డెక్క తట్టుకున్నట్టు, ధమని చీలేచోట ఇరుక్కుంటుంది. కాలు పాలిపోతుంది, చల్లబడుతుంది, నాడి అందదు. ఆరు గంటలు దాటేకొద్దీ కండరం చచ్చిపోతుంది.

1911లోనే పారిస్‌లో లబే అనే సర్జన్ ధమని కోసి గడ్డ తీశాడు. కానీ గడ్డ తోక కిందికి పాకితే మరో కోత, ఇంకో కోత. పైనుంచి పీల్చినా, కింది నుంచి పిండినా సగం లోపలే ఉండిపోయేది.

అమెరికాలోని సిన్సినాటిలో ఆపరేషన్ గదిలో సాయం చేస్తూ పెరిగిన థామస్ ఫోగర్టీ దీన్ని తిరగేసి ఆలోచించాడు. గడ్డను ఇవతలి నుంచి లాగడమెందుకు? దాన్ని దాటి అవతలికి వెళ్దాం. సన్నటి గొట్టం కొసకు సర్జన్ చేతి తొడుగు వేలి ముక్క తగిలించాడు. జిగురు నిలవలేదు. చేపల గాలానికి ఉత్తుత్తి ఈగలు కట్టే అలవాటున్నవాడు కాబట్టి, అదే దారపు ముడి ఇక్కడా బిగించాడు. 1961లో తొలిసారి మనిషికి వాడారు.

ఈ గొట్టాల్లో నాలుగో నంబరుది 1.3 మిల్లీమీటర్ల మందమే. ముడుచుకున్న బెలూనుతో మెత్తటి గడ్డలోంచి దూరిపోతుంది. అవతల ముప్పావు మిల్లీలీటరు సెలైన్ ఎక్కిస్తే 9 మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది. ఇప్పుడు వెనక్కి లాగితే గడ్డ దాని ముందు నడిచి కోతలోంచి బయటపడుతుంది.

నన్ను కట్టిపడేసేది ఈ లాగడమే. పాదం నుంచి గజ్జ వైపు వచ్చేకొద్దీ ధమని వెడల్పవుతుంది, బెలూనూ దానితోపాటు పెరగాలి. ఏ రబ్బరు బుడగకైనా మొదటి ఊపే కష్టం. ఒకసారి లొంగాక చుక్క నీటికే గబుక్కున పెరుగుతుంది. ఎక్కువైతే ధమని లోపొర చీరుకుపోతుంది, తక్కువైతే గడ్డ పక్కనుంచి జారిపోతుంది. అందుకే లాగే చెయ్యీ సిరంజి నొక్కే చెయ్యీ ఒకే మనిషివి కావాలి. గోడ రాపిడి ఒక చేతికి తెలిసేసరికి రెండోది సర్దుకోవాలి. కింది నుంచి ఎదురు రక్తం చిమ్మినంత మాత్రాన దారి బాగుపడినట్టు కాదు. పక్క కొమ్మల నుంచి కూడా రావచ్చు. రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో చూడాల్సిందే.

తర్వాత గడ్డను కరిగించే మందులు, పీల్చే గొట్టాలు వచ్చాయి. గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు గుండె ధమనుల్లో బెలూను ఉబ్బించాడు. ఫోగర్టీ గొట్టం మాత్రం ఈనాటికీ సర్జన్ల ట్రేలో ఉంది.

ఈ ఆపరేషన్ కోసం గుంటూరు వెళ్లాలంటే రేపల్లె నుంచి సుమారు 60 కిలోమీటర్లు. బాపట్ల నుంచీ గంటకు పైమాటే. కాబట్టి మొదట చేరిన ఆసుపత్రిలోనే డాక్టరు చూసి హెపారిన్ మందు మొదలుపెడితే, దారిలో గడ్డ తోక పెరగకుండా ఆగుతుంది. చల్లబడిన కాలికి వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.