వైద్యాలయంలో దారి తప్పడం ఎవరి లోపం?

వైద్యాలయానికి వచ్చిన రోగి గాని, అతని వెంట వచ్చిన బంధువు గాని దారి తప్పితే, "బోర్డు చూసుకోలేదా?" అని మందలించడం పరిపాటి. కాని దారి చూపవలసిన భారం మొదట బోర్డుది కాదు, భవనానిది.

పెద్ద వైద్యాలయాలు సాధారణంగా ఒక్కసారిగా నిర్మించినవి కావు. పడకలు చాలనప్పుడు ఒక బ్లాకు, కొత్త యంత్రం వచ్చినప్పుడు మరొక గది, ఆపైన వీటన్నిటినీ కలుపుతూ ఒక వరండా వెలుస్తాయి. రెండు బ్లాకుల అంతస్తుల ఎత్తు ఒక్కటి కాకపోతే, ఇక్కడి మొదటి అంతస్తు నుండి నడిచిన మనిషి అక్కడ రెండవ అంతస్తులో తేలుతాడు. మలుపు అనగానే మనసు దానిని సమకోణంగా భావిస్తుంది. అది ఏటవాలుగా ఉంటే దిక్కు తెలియకుండానే మారిపోతుంది. కిటికీలు లేక, తలుపులన్నీ ఒక్క తీరుగా ఉన్నచోట ఆ పొరపాటు సవరించుకొనే ఆధారమైనా మిగలదు.

అలవాటైతే అన్నీ తెలుస్తాయని కొందరు వాదించవచ్చు. షానన్ మోసర్ 1988లో ప్రచురించిన పరిశోధన ఈ వాదాన్ని బలహీనపరుస్తున్నది. క్లిష్టమైన కట్టడం గల ఒక ఆసుపత్రిలో రెండేళ్ళు తిరిగిన నర్సింగు విద్యార్థినుల మనస్సులలో సైతం ఆ భవనపు సమగ్రచిత్రం ఏర్పడలేదు. ఎన్నడూ అందులో అడుగుపెట్టక, ప్లానును మాత్రం కంఠస్థం చేసిన కొత్తవారు పరీక్షలలో వారిని మించిపోయారు! రెండేళ్ళు తిరిగిన వారి గతే ఇదయితే, జ్వరంతో, భయంతో ఒక్కనాడు వచ్చిన వారి మాట చెప్పనేల?

మరి బోర్డులు పెంచితే? మైకేల్ ఓనీల్ 1991లో ఈ విషయాన్నే పరీక్షించాడు. బోర్డులు తప్పులను తగ్గించిన మాట నిజమే. అయినా బోర్డులున్న అతి క్లిష్టమైన భవనంలో జరిగిన పొరపాట్లు, బోర్డులే లేని సరళమైన భవనంలో కంటె ఎక్కువగా ఉన్నాయి.

ఈ లోపానికి మూల్యం కూడ ఉన్నది. అమెరికాలో 604 పడకల ఒక ఆసుపత్రి విషయమై 1990లో లెక్క తీయగా, దారి చూపే వ్యవహారానికి ఏటా 2,20,000 డాలర్లకు పైగా ఖర్చవుతున్నదని తేలింది. సమాచారం చెప్పడం తమ విధి కాని ఉద్యోగులే దారులు చెప్పడంలో 4,500 గంటలకు పైగా వెచ్చించారు. ఆ గంటలు రోగుల సేవకు చెందవలసినవి.

మన ప్రాంతంలో ఈ సమస్యకు మరొక ముఖం ఉన్నది. ఉర్దూ చదువగలవారికి తెలుగు లిపి రాకపోవచ్చు. తెలుగు వచ్చినవారికి ఉర్దూ రాకపోవచ్చు. ఏ లిపీ రానివారూ మన ఆసుపత్రులకు వస్తారు. మూడు భాషలలో బోర్డు వ్రాసినా అది వీరికి మూగదే. ప్రవేశద్వారం నుండే కనబడే మెట్లు, ప్రతి మలుపులోను కిటికీలోనుండి తొంగిచూసే అదే నడిమి ముంగిలి, అందులోని చెట్టు ఏ లిపీ రానివారికి సైతం తామెక్కడ ఉన్నదీ చెప్పగలవు. ప్లాను గీసేనాడే వాటికి చోటివ్వాలి. గోడలు లేచిన తరువాత మిగిలేది రంగు డబ్బా, బోర్డు మాత్రమే.